ఒక్క పేరు మీద ముగ్గురి పత్తి

తొంభై రెండు కిలోలు ఒక్క మనిషి ఏరిన పత్తి కాదని నాకు తెలుసు. ఆ మాట గ్రామసభలో చెప్పలేదు. అడిగినదానికి నా పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదివి కూర్చున్నాను. అబద్ధమైతే ఆడలేదు కదా అని చాలా రోజులు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నేను మింగిన ఆ ఒక్క మాట వల్ల ఒక ఇంటికి రావాల్సిన రేషన్ కార్డు ఆగిపోయింది. ఆఫీసువాళ్ళే ఆపారని మా ఊళ్ళో ఇప్పటికీ కొందరు అంటారు. ఆపింది నేను.

మాది మహబూబాబాద్ జిల్లాలో నెల్లికుదురుకు దగ్గరి ఊరు. తొమ్మిదెకరాల భూమి. ఆరెకరాల్లో పత్తి పెడతాను, మిగిలినదాంట్లో వరి. పత్తి ఏరడానికి పక్క తండా నుంచి ఒక ముఠా వచ్చేది. పది, పన్నెండు మంది ఆడవాళ్ళు, ఇద్దరు ముగ్గురు మగవాళ్ళు. ముఠాను మాట్లాడి తీసుకొచ్చేది ఒకామె. నాకంటే పన్నెండేళ్ళు చిన్నది. ఆమె వెంట భర్త, అత్త కూడా వచ్చేవాళ్ళు. పిల్లలిద్దరూ హాస్టల్లో చదువుతున్నారు. భర్త అన్నదమ్ములు వేరుపడ్డారు కానీ కార్డు మాత్రం అన్న పేరుమీదే ఉండిపోయింది. అన్న కుటుంబం హైదరాబాద్ వెళ్ళాక ఆ బియ్యం కూడా వీళ్ళకు అందలేదు. అందుకని కొత్త కార్డుకు దరఖాస్తు పెట్టుకున్నారు.

పత్తి కూలి రోజు లెక్కన ఇవ్వరు, కిలో లెక్కన ఇస్తారు. ఒడిలో ఏరిన పత్తిని చేను గట్టున చద్దరు మీద పోసి, పొద్దువంగే వేళకు మూట కట్టి కాంటాకు తగిలిస్తారు. మా నాయిన కాలం నుంచి మాకొక పద్ధతి ఉంది. మూటకు ఒక కిలో తరుగు తీస్తాం. చద్దరు బరువు, మంచు తడి, అందులో ఎండుటాకు అని చెప్పి. చద్దరు బరువు కిలో ఉండదు. అది తూచేవాడికీ తెలుసు, తూపించుకునేవాడికీ తెలుసు. అందుకని ఒకే ఇంటివాళ్ళు ముగ్గురుంటే మూడు మూటలు కట్టరు. మూడు మూటలకు మూడు కిలోలు పోతాయి, ఒక్క మూటకైతే ఒక్క కిలోతో పోతుంది. ముగ్గురి పత్తీ ఒకే చద్దరులో పోసి, ఒకరి పేరు చెప్పి తూపిస్తారు. నేను ఆ పేరే రాసుకుంటాను. ఆ ఇంటికి ఆమె పేరు రాసేవాణ్ణి.

పత్తి పండించే ఊళ్ళలో ఈ సంగతి తెలియని మనిషి ఉండడు.

ఆ ఏడాది మూడో ఏరుడు సమయానికి ముఠా నా చేనుకు రాలేదు. కేసముద్రం దారిలోని ఒక ఊళ్ళో కిలోకు పన్నెండు ఇస్తున్నారు, నేను పదకొండు ఇస్తున్నాను. ఆమె వచ్చి అడిగింది.

"పటేలా, ఆడ పన్నెండు ఇస్తున్నరు. నువ్వు గూడ ఇస్తే ఈడనే ఏరుతం. దూరం పోవుడు మాకేం సంబురమా?"

"మూడో ఏరుట్ల పత్తేడున్నది? పదకొండే దండుగ."

"పత్తి తక్కువుంటే మాకే గద దండుగ. చేనంత తిరిగినా ఒడి నిండది."

ఆమె చెప్పింది సరైన లెక్క. పలచగా ఉన్న చేనులో కిలో పత్తికి రెండింతలు తిరగాలి. నేను ఒప్పుకోలేదు. మర్నాడు వాళ్ళ ట్రాలీ ఆటో మా చేను ముందునుంచే వెళ్ళిపోయింది. చెట్ల మీద పత్తి తెల్లగా వేలాడుతూ ఉంది. ఆ వారమంతా చాయ్ హోటల్ దగ్గర నా నోట ఒకటే మాట.

"బియ్యం ఫిరీ, కరెంటు ఫిరీ, బస్సు ఫిరీ. ఇగ చేనుకు ఎవడొస్తడు?"

"ఇంట్ల కూసుంటెనే ఎల్తుంటే ఎండల నడుం ఎందుకు వంచుతరన్నా," అన్నాడు మా గట్టు పక్క రైతు.

వాళ్ళు ఇంట్లో కూర్చోలేదు. ఆ వేళకు పక్క ఊరి చేనులో నడుం వంచే ఉన్నారు. ఇద్దరికీ తెలుసు. అయినా ఆ మాట అనుకుంటుంటే మనసుకు హాయిగా ఉండేది.

గ్రామసభ ఆ వారంలోనే జరిగింది. పంచాయతీ ఆఫీసు ముందు టెంటు వేశారు. కొత్త కార్డులకు వచ్చిన పేర్లు ఒక్కొక్కటే చదువుతూ, అభ్యంతరముంటే చెప్పమన్నారు. పని రోజు కాబట్టి తండా వాళ్ళు ఎక్కువమంది రాలేదు. ఆమె పేరు చదవగానే గట్టు పక్క రైతు లేచాడు.

"సార్, ఆమెకు కార్డెందుకు? రోజుకు వెయ్యి సంపాయిస్తది."

జనం నవ్వారు. జాబితా పట్టుకున్న అధికారి నవ్వలేదు. కొత్తగా వచ్చిన మనిషి, పట్నంలో పెరిగినవాడు.

"ఎవరి దగ్గర పని చేస్తది?" అని అడిగాడు.

అందరి తలలూ నా వైపు తిరిగాయి. ఏరుడు రోజుల్లో ఆ పుస్తకం నా అంగీ జేబులోనే ఉంటుంది. తీశాను. ఏదో ఒక రోజు చదవమన్నాడు. నేను వెతికి మరీ రెండో ఏరుడులోని రోజు తీశాను, పత్తి విరగబూసిన రోజు. తొంభై రెండు కిలోలు, కిలోకు పదకొండు. అధికారి ఫోనులో గుణించి, నెలకు ఇరవై ఐదు రోజులు పట్టుకుని, మళ్ళీ పన్నెండుతో గుణించాడు. కార్డుకు ఉన్న హద్దు ఎప్పుడో దాటిపోయింది.

"ఒక్కామెనే ఇంత సంపాదిస్తదా?" అన్నాడు. ఆశ్చర్యంగానే అడిగాడు. అడగడంలో తప్పు లేదు.

అప్పుడు చెప్పాలి నేను. సార్, ఇది ముగ్గురి మూట. ఈ ఏరుడు ఏడాదికి నలభై, నలభై ఐదు రోజులే ఉంటుంది. నోటిదాకా వచ్చింది. మూడో ఏరుడుకు మనుషులు లేక పత్తి గాలికి రాలిపోతున్న నా చేను కళ్ళముందు మెదిలింది. "పుస్తకంల గట్లనే ఉన్నది సార్" అని కూర్చున్నాను. ఆ టెంటు కింద అరవై, డెబ్బై మంది రైతులున్నారు. ఒక్క మనిషి తొంభై రెండు కిలోలు ఏరలేదని అందులో ప్రతివాడికీ తెలుసు. ఎవరూ నోరు మెదపలేదు. నేను చెప్పాల్సింది కాబట్టి వాళ్ళు చెప్పలేదు. వాళ్ళు చెప్పలేదు కాబట్టి నాకు ధైర్యం వచ్చింది.

రెండు రోజుల తర్వాత ఆమె భర్త మా ఇంటికి వచ్చాడు. గేటు దగ్గరే నిలబడ్డాడు.

"పటేలా, సార్‌కు జర సరిగ చెప్పున్రి. గది ముగ్గురిది గద."

"సూద్దాం తియ్. పత్తి అమ్మినంక పోదాం."

పత్తి కేసముద్రం మార్కెట్లో అమ్మాను. అమ్మి ఇంటికొచ్చాను. ఆఫీసుకు వెళ్ళలేదు. అతను మళ్ళీ రాలేదు.

హోలీ దాటాక జనగామకు వెళ్ళాను. మా అక్క అక్కడ ఉంటుంది. బావ పోయి ఎనిమిదేళ్ళు. ఒక ప్రైవేటు బడిలో ఆయాగా చేస్తుంది, రైల్వే స్టేషన్ వైపు ఒక గదిలో కిరాయికి ఉంటుంది. ఆమెకు వితంతు పింఛను వస్తుంది. ఈ సంగతి మా ఊళ్ళో నేను ఎవరికీ చెప్పలేదు. పటేలు ఆడబిడ్డ పింఛను తీసుకుంటున్నదంటే నామోషీ అనుకునేవాణ్ణి. చాయ్ హోటల్ దగ్గర పింఛన్లను తిట్టేటప్పుడు మా అక్క నాకు గుర్తొచ్చేది కాదు. ఎలా రాకుండా ఉండేదో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

అక్క చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఊరి ముచ్చట్లు అడిగింది. నేను అలవాటు కొద్దీ మొదలుపెట్టాను.

"కూలోళ్ళు దొరుకుతలేరక్కా. సర్కారు అందర్ని కూసోబెట్టి మేపుతున్నది."

అక్క చేతులు ఆగలేదు. "నన్ను గూడనా?"

"నీ ముచ్చట కాదు."

"ఎందుకు కాదు తమ్మీ? నాకు నెలకు రెండు వేల చిల్లర పడుతున్నది. గదాంతోని బడికి పోవుడు మానేసిన్నా? కిరాయికే రెండున్నర వేలు. పింఛను కిరాయికి సరిపోదు, జీతం తిండికి, మందులకు సరిపోదు. రెండు కలిస్తే నెల ఎల్తది. పింఛను లేకుంటే ఇంకెక్కువ పని చేస్తననుకుంటున్నవా? ఎక్కువ పని ఏడున్నది? ఉన్న పనికే ఇంకా తక్కువ ఇస్తరు. మా మేడం మొన్న అన్నది, ఎండకాలం రెండు నెలలు సగం జీతమే అని. పింఛను ఉండవట్టి గాదని చెప్పి నిలబడ్డ."

"ఏమన్నదామె?"

"ఏమంటది? ముప్పావు ఇస్తనన్నది." అక్క నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు మా ముఠా ఆమె గుర్తొచ్చింది. ఆమె అడిగింది కూడా ఒక్క రూపాయే.

కాసేపటికి అక్కే మళ్ళీ అంది. "నీకు ఎకరానికింత అని బ్యాంకుల పడుతయి గద. అవేంది?"

"అవి పెట్టుబడికి."

"అహ. నీకు పడితే పెట్టుబడి, మాకు పడితే మేపుడు."

తొమ్మిదెకరాలకు నాకు పడేది మా అక్క పింఛనుకంటే చాలా ఎక్కువ. అది పడిందని నేను ఒక్క పూట కూడా దున్నడం మానలేదు, మానతానని ఎవరూ అనుమానించలేదు. ఎవరూ నా పుస్తకం చదివించలేదు. అంతవరకూ వచ్చాక ఇక దాచలేకపోయాను. గ్రామసభ సంగతంతా అక్కకు చెప్పాను.

అక్క చిక్కుడు గిన్నె పక్కన పెట్టింది. "తొంభై రెండా? పెండ్లికి ముందు మన చేనుల నేను ఏరలేదా? నలభై దాటితే నడుం పట్టుకుపోతుండె. నువ్వు సూసినవు గద. సూసి గూడ సప్పుడు చేయలేదా?"

"కోపం మీదున్న."

"ఎందుకు కోపం? రూపాయి అడిగినందుకా?"

జనగామ నుంచి మహబూబాబాద్ వచ్చే రైలులో పుస్తకం తీసి, మొదటిసారి ఆ ఇంటి పేజీలన్నీ కలిపి చూశాను. నా చేనులో ఏరుడు పదమూడు రోజులు. మిగతా చేన్లు కలిపినా నలభై ఐదు దాటవు. కలుపుకు, నాట్లకు కొన్ని రోజులు, ఎండాకాలంలో ఉపాధి పని కొన్ని రోజులు. మిగిలిన రోజులకు పేజీ లేదు. ఆ ఇంటికి నెలకు వచ్చే బియ్యం బయట కొనాలంటే ఆమెకు నాలుగైదు రోజుల కలుపు కూలి పోతుంది. నిండా పని ఉన్న నెలలో అది చిన్న మాటే. పది రోజులే పని దొరికిన నెలలో అది సగం. బియ్యం వస్తే పనికి రారని మేం అనుకున్నాం. బియ్యం వచ్చినా మిగతా ఖర్చంతా అలాగే ఉంటుంది. పనికి రాక ఏం చేస్తారు? కాకపోతే, ఇంట్లో బియ్యం ఉన్న మనిషి, పదకొండు కాదు పన్నెండు కావాలని నిలబడి అడగగలదు. నన్ను మండించింది బియ్యం కాదు. ఆ నిలబడటం.

మర్నాడే మండల ఆఫీసుకు వెళ్ళాను. మూట ముగ్గురిదని, ఏరుడు రోజులు ఎన్నో, తరుగు పద్ధతి ఏమిటో రాసి సంతకం పెట్టి ఇచ్చాను. గ్రామసభకు వచ్చిన ఆ అధికారే ఉన్నాడు. చదివి, నా ముఖం చూశాడు.

"ఆ రోజు చెప్తే అయిపోతుండె కదా."

"అయిపోతుండె సార్."

వచ్చే వారం ఊళ్ళో మళ్ళీ విచారణ పెడతానని, దరఖాస్తుదారు తప్పక ఉండాలని అన్నాడు. తండాకు వెళ్తే ఇంటికి తాళం. మిర్చి ఏరడానికి ముగ్గురూ భూపాలపల్లి వైపు పోయారని పక్కింటివాళ్ళు చెప్పారు. ఆమె భర్తకు ఫోన్ చేశాను. నా నంబరు చూసి ఉంటాడు, ఎత్తలేదు. మోటార్ సైకిల్ మీద బయల్దేరాను. నర్సంపేట, ములుగు దాటి, అడుగుతూ అడుగుతూ ఆ చేను చేరేసరికి మధ్యాహ్నమైంది.

చేనంతా ఎర్రగా ఉంది. గట్టున నీలం పరదాలతో పది పన్నెండు గుడిసెలు. ముక్కులకు గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్ళు సాళ్ళలో వంగి ఉన్నారు. కళ్ళు మాత్రమే కనిపిస్తున్నా ఆమే నన్ను ముందు గుర్తుపట్టింది.

"ఏంది పటేలా, మిర్చి ఏరనీకి వచ్చినవా? ఒడి కట్టుకో మరి."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు ఘాటుకు దగ్గు వచ్చింది, వాళ్ళు ఇంకా నవ్వారు. ఆమె భర్త దూరంగా బస్తా కుడుతూ తల ఎత్తి చూసి మళ్ళీ దించుకున్నాడు. అత్త మాత్రం లేచి దగ్గరికొచ్చింది. బక్క మనిషి, చేతులకు మోచేతిదాకా తెల్లటి గాజులు.

"మా ముగ్గుర్ని ఒక్కదాన్ని చేసినవట గద పటేలా. నేను సచ్చిపోయిన్ననుకున్నవా?"

"తప్పైందవ్వా. దానికోసమే వచ్చిన."

ఆఫీసులో కాగితం ఇచ్చిన సంగతి, వచ్చే వారం విచారణ సంగతి చెప్పాను. ఆమె ముక్కు మీది గుడ్డ తీసింది. కార్డు రాలేదని తెలిశాక అప్పు చేసి రెండు బస్తాల బియ్యం కొనుక్కుని ఇక్కడికి వచ్చారట. ఆ అప్పు తీరేదాకా ఇక్కడి కూలి చేతికి రాదని చెప్పింది. ఏడుపు గొంతుతో కాదు, లెక్క చెప్పినట్టు చెప్పింది.

"వస్తం. ఆ రోజు కూలి ఎవరిస్తరు?"

"నేనిస్త."

"ముగ్గురిదా, ఒక్కదానిదా?"

ఈసారి ఆమె భర్త కూడా నవ్వాడు. "ముగ్గురిది" అన్నాను. బస్సు కిరాయి అని జేబులోంచి తీయబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"మాకు బస్సు ఫిరీ గద. చాయ్ హోటల్ కాడ రోజూ నువ్వే చెప్పవడితివి. మా ఆయనకు మాత్రం ఇయ్యి."

ఇచ్చాను. అత్త గుడిసెలోంచి నీళ్ళు తెచ్చింది. తాగాక, వచ్చిన అసలు పని, ఆమె ముందు తప్పు ఒప్పుకోవడం, చేద్దామని నోరు తెరిచాను. ఆమె ఆపింది.

"నాకు ఈడ చెప్పుడేంది పటేలా? ఈడ ఇనేటివి మిర్చి చెట్లే. నువ్వు ఆడ సప్పుడు చేయకుంటివి. చెప్పేదేందో ఆడనే చెప్పు."

విచారణ రోజున టెంటు లేదు. పంచాయతీ ఆఫీసు వరండాలోనే కుర్చీలు వేశారు. కానీ సంగతి ముందే పాకినందువల్ల జనం బాగానే వచ్చారు. గట్టు పక్క రైతు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆమె, భర్త, అత్త ముందు వరసలో కింద కూర్చోబోతే అధికారి కుర్చీలు చూపించాడు. ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని కూర్చున్నారు. నేను లోపలికి వస్తుంటే వెనక ఎవరో అన్నారు.

"పటేల్ రేపటిసంది ఒక్కో ఇంటికి మూడు చద్దర్లు తెచ్చుకోవాలె."

"తెస్తడు. తానే ఏరుకుంటడు గూడ."

నవ్వులు ఆగాక అధికారి నా కాగితం పైకి చదివాడు. ఇందులో ఎవరికైనా అభ్యంతరం ఉందా అని అడిగాడు. గోడ దగ్గరి నుంచి గట్టు పక్క రైతే గొంతు సవరించుకున్నాడు.

"లేదు సార్. ముగ్గురిదే. గా ముచ్చట మాకందరికి ఎర్కనే."

అది వినగానే నా పక్కనున్న ముసలి రైతు ఒకాయన, "నా పుస్తకంల గూడ నాలుగిండ్లు గట్లనే ఉన్నయి. అయి గూడ రాసుకోన్రి" అన్నాడు. ఆ మాట నేను అడిగింది కాదు, ఊహించిందీ కాదు. అధికారి కొత్త కాగితం తీశాడు. ముగ్గురి పేర్లు విడివిడిగా అడిగి, ఎవరు ఎన్ని కిలోలు ఏరతారో, ఏడాదికి ఎన్ని రోజులు పని దొరుకుతుందో ఒక్కొక్కరి నోట చెప్పించుకుని రాశాడు. అత్త తన వంతు వచ్చినప్పుడు, "ముప్పై రాసుకో సార్, ఎండకు రెండు తక్కువ" అంది. రాసినదంతా కూడి చూసి, హద్దుకు చాలా కింద ఉందని, పేరు మళ్ళీ జాబితాలోకి పంపుతున్నానని చెప్పాడు. సంతకం పెట్టి కలం మూశాడు. పని అయిపోయింది. జనం కదలడం మొదలుపెట్టారు.

నా పని కాలేదు. కుర్చీలోంచి లేచాను. ఆమె వైపు తిరిగాను. పదేళ్ళుగా నా చేనుకు వస్తున్న మనిషిని నేను ఏ వరసా పెట్టి పిలవలేదు. ఆ రోజు కూడా ఏం పిలవాలో ఒక క్షణం తోచలేదు.

"చెల్లే," అన్నాను, అందరికీ వినబడేలా. "ఆ దినం సార్ అడిగినప్పుడు మూట ముగ్గురిదని నాకు ఎర్కనే. ఎర్కుండి చెప్పలే. నువ్వు రూపాయి ఎక్కువ అడిగి పోయినవని కోపంతోని చెప్పలే. నీ మొగడు ఇంటికొచ్చి అడిగినా పోలే. మీ ఇంటి మీద బియ్యం అప్పు పడ్డది నా వల్ల. మూటకు కిలో తీసుడు గూడ తప్పే, రేపటిసంది నా చేనుల తియ్య. తప్పు నాది, చెల్లే. నన్ను మాఫ్ చెయ్."